మామకు మూడు పేర్లు

నేను కాపురానికి వచ్చిన ఇల్లు హిందూపురంలో బెల్లం మండీ వెనకాలే ఉండేది. ముందు మండీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూసినా తెరిచినా బెల్లం వాసన ఒకటే. కొత్తలో ఎంత బాగుందో అనుకున్నాను. కొన్నాళ్లకు మజ్జిగలో కూడా ఆ తీపే తగిలి, పుట్టింటికి పోయినప్పుడు ఊరగాయ జాడీ ముందర పెట్టుకుని తిన్నాను. ఇక చీమలు. ఉప్పు డబ్బాలో చీమలు, పూజగూట్లో చీమలు, మా ఆయన చొక్కా జేబులో చీమలు. మూత్రానికి చీమలు పడితే చక్కెర జబ్బుకు గుర్తని ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. మా ఇంట్లో చీమలు పట్టనిదంటూ ఒకటి ఉంటే కదా, పట్టినదాన్ని చూసి ఎవరైనా అనుమానపడేది.

మా మామకు ఉన్న ఆస్తిలో మొదటిది మండీ కాదు, ఆయన నాలుక. బండ్లు దిగగానే ఒక బెల్లం అచ్చు అంచు విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడడం ఆపేవాళ్లు. కళ్లు తెరిచి, "పాకం ముదిరింది" అనో, "సున్నం ఎక్కువేసినారు" అనో ఒక్క మాట అనేవాడు. ఆ మాట మీదనే ఆ రోజు మండీ నడిచేది. రైతులు ఆయన్ని తిట్టుకునేవాళ్లు గానీ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

అటువంటి మనిషికి చక్కెర జబ్బు వచ్చింది. చివర్లో చెప్పి మిమ్మల్ని ఉలికిపడేట్టు చేయడం నాకు చేతకాదు, అందుకే ముందే చెబుతున్నాను. అప్పట్లో ఇంట్లో మాకు ఈ సంగతి తెలియదు. బెల్లం వ్యాపారికి చక్కెర జబ్బని పొక్కితే ఏమవుతుందో ఆయన ఊహించుకున్నాడు. "ఆయప్ప బెల్లం ఆయప్పనే తినేసింది, మనమెట్ల కొనేది" అంటారు జనం. పైగా నాలుక మీద తీపి పెట్టవద్దని డాక్టరు కట్టడి చేస్తే, మండీలో ఆయన చేసే పని ఏముంటుంది, గోనెసంచులు లెక్కపెట్టుకోవడం తప్ప? ఇంటిగుట్టు లంకకు చేటని నోరు మూసుకున్నాడు. మూసుకున్నది మాట్లాడడానికే, తినడానికి కాదు.

మొదట పెనుకొండలో ఒక డాక్టరు దగ్గరికి పోయాడు. ఆ డాక్టరు తీపి మానమన్నాడు. మూడంగళ్లలో అడగనిదే ముల్లంగి కూడా కొనని మనిషి, ఒక డాక్టరు మాట మీద బెల్లం మానతాడా? రైలెక్కి ధర్మవరం పోయాడు. అక్కడి డాక్టరు తీపి మానమనడమే కాక అన్నం కూడా తగ్గించమన్నాడు. ఈ బేరం ఇంకా నష్టమని బస్సెక్కి మడకశిర పోయాడు. అక్కడి డాక్టరు అదే మాట కన్నడంలో చెప్పాడు.

గుట్టు బయటపడకుండా ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు పెట్టుకున్నాడు. పెనుకొండలో పింఛను తీసుకుంటున్న బడి అయ్యవారు. ధర్మవరంలో గాండ్లపెంట దిక్కు నుంచి వచ్చిన రైతు. మడకశిరలో తెలుగు సరిగా రాని వక్కల వ్యాపారి. వేషాలు కూడా వేరు. పెనుకొండకు పోయేరోజు గొడుగూ, చూపు ఆనని పాత కళ్లజోడూ. ధర్మవరానికి తలగుడ్డ. మడకశిరకు నల్ల టోపీ. ఎందుకు పోతున్నాడో మాకు చెప్పేవాడు కాదు. అడిగితే "పనుండాది" అనేవాడు.

మేం ఏమనుకుంటాం? మా ఆయనా నేనూ గుసగుసలాడుకున్నాం. ఆ వయసులో, ఆ వేషాలతో, వారానికొక ఊరు. చిన్నిల్లు ఒకటి కాదు, మూడున్నాయని మా ఆయన తేల్చాడు. కన్నతండ్రి గదా, కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నట్టు నాకు అనిపించింది. చివరికి నేనే తెగించి అత్త చెవిన వేశాను. ఆమె రోటి దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు.

"ఆ మొగానికి ఇంగొకతి యాడ దొరుకుతాదిలే పాపా," అంది. "పోయొచ్చే మనిషి సంతోషంగా వస్తాండాడా సూడు. ఒక్కపొద్దు ఉండినోని మాదిరి వస్తాండాడు."

అరవైల మొదట్లో మాట ఇది. మా అన్న డాక్టరు చదువు అయిపోయి, పై చదువు చదువుతున్నాడు. ఆ చదువు కోసం మా సీమలో చక్కెర జబ్బు వచ్చినవాళ్ల వివరాలు కూడబెట్టే పని పెట్టుకున్నాడు. ఊరూరా తిరిగి, అక్కడి డాక్టర్ల కాళ్లావేళ్లా పడి, రోగి వయసేమిటి, తిండేమిటి, ఏ మందు ఇస్తే ఎట్లా ఉంది, అన్నీ రాయించుకునేవాడు. రాగిసంకటి తిని ఎండలో తిరిగే మనవాళ్లకు ఈ జబ్బు ఎట్లా వస్తుందో ఒక్క డాక్టరు దగ్గరున్న నలుగురిని చూస్తే తెలియదట. అందరి దగ్గరున్నదీ ఒకచోట చేరితేనే తెలుస్తుందట. కొందరు డాక్టర్లు ఇచ్చారు. కొందరు, వీడు మన రోగులను ఎత్తుకుపోయేటట్టున్నాడని బీరువాకు తాళం వేసుకున్నారు.

ఆ తిరుగుడులో భాగంగా ఒకరోజు ధర్మవరం నుంచి పొద్దుటి బండికి వస్తున్నానని కార్డు రాశాడు. కోడలి అన్న, అందులోనూ డాక్టరు. మా ఆయన ఆ వారమంతా బాకీల వసూలుకు ఊళ్లమీద ఉన్నాడు. అత్త ఓళిగలకు పూర్ణం రుబ్బింది. మామ మండీ నుంచి పెందలాడే వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. పొద్దుటి బండి ఆ రోజు మధ్యాహ్నం బండి అయింది. చుట్టం రాకముందే తినడం మర్యాద కాదని మామ మెతుకు కూడా ముట్టలేదు. తినడానికి ముందు వేసుకోవాల్సిన మాత్రలు మాత్రం వేళ తప్పకుండా వేసుకున్నాడని మాకు తర్వాత తెలిసింది.

అన్న వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. అత్త లోపల ఓళిగలు కాలుస్తూ ఉంది. ఆ కాసేపూ ఊరుకోకుండా అన్న, తన పని ఎట్లా సాగుతుందో వినమని మామ ఎదురుగా పీట వేసుకుని మొదలుపెట్టాడు.

"పేర్లు చెప్పకూడదు మామా. రోగి పేరు బయట పెట్టకూడదు, అది మా ధర్మం," అని గంభీరంగా అన్నాడు. అని, పేరు తప్ప తక్కినదంతా చెప్పాడు. మన ఊళ్లలో పేరు తప్ప తక్కినదంతా చెబితే పోస్టుమాను ఉత్తరం తెచ్చి చేతికిచ్చేస్తాడు.

"నాకు ముగ్గురు దొరికినారు మామా, బంగారం లాంటోళ్లు. పెనుకొండలో ఒక అయ్యవారు, ధర్మవరంలో ఒక రైతు, మడకశిరలో ఒక వక్కల యాపారి. ఆ డాక్టర్లు రాసిచ్చిన కాయితాలు సూస్తే నాకే నమ్మకం కుదర్లే. ముగ్గురిదీ ఒకటే వయసు. ముగ్గురికీ ఏ మందిచ్చినా తగ్గడం లేదు. అన్నిటికంటే విచిత్రం ఏందంటే, ముగ్గురికీ ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ, రూపాయి బిళ్లంత. ఏ పుస్తకంలోనూ లేదు ఇది. ఈ జబ్బుకూ ఆ మచ్చకూ ఏదో సంబంధముండాది. ఇది నేను రుజువు జేసినానంటే ఆ మచ్చకు నా పేరే పెడతారు."

మామకు చిన్నప్పుడు కాగుతున్న చెరకుపాకం చింది చేతి మీద పడి కాలింది. ఆ సంగతి నేను ఎన్నోసార్లు విన్నాను. ఆయన మెల్లగా భుజం మీది తువాలు తీసి ఎడమ చేతి మీద కప్పుకున్నాడు. నాకు అప్పుడు కూడా తట్టలేదు. ముగ్గురు ఆడవాళ్లను వెతుకుతున్న బుర్రకు ముగ్గురు డాక్టర్లు ఎట్లా తడతారు?

అంతలో మామకు చెమటలు పట్టాయి. వడగళ్లు కరిగినట్టు నుదురంతా నీళ్లు. చేతులు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి, "ఆ తూకం సరిలేదు" అన్నాడు. అక్కడ తూకం లేదు, నేనూ అన్నా ఉన్నాం. నన్ను చూసి, బండి తోలుకొని వచ్చిన రైతును తిట్టినట్టు తిట్టాడు. అన్న ఆయన్ని పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాడు. అత్త లోపలి నుంచి వచ్చి, దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తేవడానికి మళ్లీ లోపలికి పోయింది.

మనిషి తెలివిలో ఉన్నాడో లేదో చూడడానికి డాక్టర్లు పేరు అడుగుతారు. అన్న కూడా అదే అడిగాడు.

"మామా, ఇట్ల సూడండి. మీ పేరేంది, చెప్పండి."

"యాడ?" అన్నాడు మామ.

"యాడేంది మామా, మీ పేరు."

"అదే అడగతాండా. పెనుకొండ పేరా, ధర్మవరం పేరా? మడకశిరదైతే కన్నడంలో చెప్పల్ల."

అన్న తువాలు తొలగించి చెయ్యి చూశాడు. ఆ మచ్చను చూసిన మా అన్న ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. ముగ్గురు బిడ్డలు పుట్టారని మురిసిన తండ్రికి, పుట్టింది ఒకటే, మూడుసార్లు చూపించామని మంత్రసాని చెప్పినట్టుంది.

"ఏ డాక్టరు మాత్రలు వేసుకున్యారు?" అని గట్టిగా అడిగాడు.

"మూడు తావులవీ. కొన్న సరుకు పారేస్తారా ఎవురన్నా?"

"బెల్లం తేమ్మా, బిరీన," అన్నాడు అన్న నాతో.

నేను కదలలేదు. ఈ జబ్బుకు తీపి విషమని అంతకుముందే అరగంట ఉపన్యాసం ఇచ్చింది ఈయనే కదా. "బెల్లం తినకూడదంటివి గదన్నా" అన్నాను. "తే అంటాంటే" అని అరిచాడు. మధ్య తలుపు తీసి మండీలోకి పరిగెత్తి, చేతికి దొరికిన అచ్చు ఎత్తుకొచ్చాను. తిరిగి తలుపు వేయాలని నాకు గుర్తు లేదు. మామకు చిన్న ముక్క బుగ్గలో పెట్టి, తక్కినది నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాడు. జబ్బుది ఒక ప్రమాదమైతే, ముగ్గురు డాక్టర్ల మందు ఖాళీ కడుపులో ఒకేసారి పడడం అంతకంటే పెద్ద ప్రమాదమట. ఒంట్లో ఉన్న చక్కెరంతా అడుగంటిపోయిందట. నాకు అప్పుడు నిజంగా భయమేసింది. మనిషి కళ్లు తెల్లగా తేలిపోతుంటే, మిరపకాయలు పట్టుకుని అత్త గడప మీదే నిలబడిపోయింది.

కొంతసేపటికి మామ పెదవులు కదిలాయి. చప్పరించాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇది ఎవురు కొన్యారు? పాకం మాడిండాది," అన్నాడు.

అది విని గుమ్మం దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు. చూస్తే, నేను మూయని తలుపు నిండా మండీ ఉంది. పక్కంగడి మిరపకాయల సావుకారి, ఎదురంగడి గుడ్డల సావుకారి, మూటలు మోసేవాళ్లు, లేపాక్షి నుంచి సరుకుకు వచ్చిన చిల్లర అంగడాయన. నేను తలుపు తీసింది మొదలు అన్న చెప్పిందంతా అందరూ విన్నారు. మూడేళ్లుగా గొడుగూ టోపీ పెట్టుకుని దాచిన గుట్టు నా చేతి మీదుగా బట్టబయలైంది.

మామ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. మూడోనాడు లేపాక్షి ఆయన వచ్చి, ఎప్పుడూ కొనేంత బెల్లం కొన్నాడు. కొని, మంచం దగ్గరికి వచ్చి కూర్చుని, మెల్లగా, "ముగ్గురిలో ఏ డాక్టరు బాగా సూస్తాడు సావుకారీ? మా యమ్మకు సూపియ్యల్ల," అని అడిగాడు. మామ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఒక్కొక్క డాక్టరు గుణదోషాలు పాకం రుచి చెప్పినంత వివరంగా చెప్పాడు. ఆ సాయంత్రం అన్నం అడిగి తిన్నాడు.

మరునాడు పొద్దున అన్న ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడు. "ఆ ముగ్గురూ మంచి డాక్టర్లే మామా. ఒకరిచ్చింది ఇంగొకరికి తెల్దు. తగ్గలేదని మీరు చెప్పినప్పుడంతా మందు పెంచుకుంటా పోయినారు. నేను ఆ ముగ్గురికీ రాస్తా, ఈ మనిషి ఒకడే అని. మీ కాయితాలన్నీ ఒక డాక్టరు దగ్గరికి చేరల్ల. అట్లే, మీ కేసు నా పుస్తకంలో రాసుకునేకి మీరు ఒప్పుకోవల్ల. ఒప్పుకోకుంటే రాయను."

"వయసు రాసుకో. ఊరు రాసుకో. మచ్చ రాసుకో," అన్నాడు మామ. "యాపారం మాత్రం చింతపండు అని రాయి."

అన్న నవ్వలేక చచ్చాడు. వ్యాపారం తప్పు రాస్తే తన చదువుకు పనికిరాదని బతిమాలాడు. రోజూ బెల్లం రుచి చూసే మనిషికి ఈ జబ్బు వచ్చిందనేది డాక్టర్లకు తెలియాల్సిన సంగతట. చివరికి మామ, "బెల్లమనే రాసుకో పో. పోయిన మానం ఎట్లా పాయ," అని ఒప్పుకున్నాడు. అన్నకు మాత్రం ముఖంలో కళ లేదు. ఎందుకని మామ అడిగాడు.

"ముగ్గురనుకుంటి, ఒకరే అయిరి. ఇద్దరు తగ్గిరి మామా, ఇంగేముండాది."

తప్పు మాట అన్నాడు మా అన్న. మామ దగ్గర సరుకు తగ్గిందని అనకూడదు. ఆయన మండీ నుంచి తక్కువ తూకం ఏనాడూ బయటికి పోలేదు. ఒకవేళ పొరపాటున పోతే, మనిషిని పంపి మరీ పూరించేవాడు, పైన కొసరు కూడా వేసేవాడు. "నా వల్ల తగ్గిందా? నేను పూరిస్తా," అని చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు.

ఎక్కడ వెతకాలో ఆయనకు తెలుసు. పెనుకొండ డాక్టరు వరండాలో ఒకసారి పక్కంగడి మిరపకాయల సావుకారి కనిపించాడట. ఈయన గొడుగు అడ్డం పెట్టుకున్నాడు, ఆయన స్తంభం చాటుకు పోయాడు. మరునాడు ఇద్దరూ మండీలో ఏమీ ఎరగనట్టు ఆకూవక్కా పంచుకున్నారు. ఇప్పుడు మామ నేరుగా ఆయన అంగట్లోకి పోయి, "స్తంభం చాటున ఎన్నాళ్లుంటావప్పా, రా," అన్నాడట. గుడ్డల సావుకారి సంగతి మిరపకాయల సావుకారి చెప్పాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ మా పెరటి వాకిట్లోంచి లోపలికి వచ్చారు. మొన్న గుమ్మంలో పెద్దగా నవ్వింది ఈ మిరపకాయలాయనే.

అన్న పెరట్లో స్పిరిటు దీపం వెలిగించి, గాజు గొట్టాల్లో నీలం మందు పోసి, ఒక్కొక్కరి మూత్రం కలిపి కాచాడు. ఆ నీలం ఎంత మారితే చక్కెర అంత ఎక్కువ. మామది మాత్రలు సర్దుకున్నాక పచ్చ దగ్గర ఆగింది. మిరపకాయలాయనది పసుపు, గుడ్డలాయనది నారింజ. గుడ్డలాయన తన రంగు చూసి, "రంగు బలే పట్టిండాది," అని మురిశాడు. అది మంచిది కాదని చెప్పేసరికి మొహం వేలాడేశాడు. అన్న వాళ్ల వివరాలు రాసుకున్నాడు.

"రెండూ పూరించినా," అన్నాడు మామ, చేతులు దులుపుకుంటూ. ఎన్నాళ్లకో హుషారుగా ఉన్నాడు. "అసలు కంటే కొసరు ముద్దంటారు డాక్టరప్పా. ఇంగ కొసరు ఎవుర్ని తేవల్లనో."

"కొసరు నేనుండా," అంది అత్త.

వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో మాకు తెలియదు. తమాషాకు అంటుందనుకుని సావుకార్లు నవ్వబోయారు. ఆమె నవ్వలేదు. నాలుగేళ్ల నుంచి రాత్రీ పగలూ ఆగని దప్పిక, అరికాళ్ల తిమ్మిర్లు, దారం ఎక్కించేకి ఆనని సూది. కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి తనకు తానే వేసుకుంటూ ఉందట. అన్న ఇంకో గొట్టం తీశాడు. కాచాడు. అది పచ్చ దగ్గర ఆగలేదు, పసుపు దగ్గర ఆగలేదు. ఇటికరాయి రంగుకు పోయి నిలిచింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మామ.

"నీకుండాదని నాకెప్పుడో తెలుసు. దాస్తాండావు గదా అని నేనూ అడగలే," అంది అత్త. "నువ్వు పనుండాదని రైలెక్కుతావు. నేను ఏమని చెప్పి ఎక్కల్ల? నీకు మూడూర్లలో మూడు పేర్లుండె. నాకు ఒక్క ఊర్లో ఒక్క పేరన్నా రాసేవాళ్లు లేకపాయ."

నాకు ఏడుపొచ్చింది. ఆమె పక్కన కూర్చుని తిన్నదాన్ని, ఆమె కుండలో నీళ్లు రోజుకు ఎన్నిసార్లు నింపానో నాకే తెలియదు. మామ మీద నాకు ఆ క్షణంలో వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు.

అన్న కొత్త కాయితం తీసుకుని, "పేరు చెప్పత్తా," అన్నాడు. అత్త అలవాటు కొద్దీ, "ఏం పేరులే నాయనా, సావుకారి పెండ్లామని రాసుకో," అంది.

"అట్ల రాయొద్దు," అన్నాడు మామ. పెళ్లయిననాటి నుంచి ఆమెను 'ఇదో' అని తప్ప పిలవని మనిషి. తలెత్తి, ఇద్దరు పరాయి మగవాళ్లు వింటుండగా, ఆమె పేరు స్పష్టంగా చెప్పాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరైనా పలకగా నేను విన్నది అదే మొదటిసారి. అన్నకు సరిగా వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు.